రిహాబ్ ఉద్యోగం వదిలి ఊబకాయం మీద పీహెచ్‌డీకి వెళ్లొచ్చా?

మీరు ఒక ప్రశ్న అడిగారు గానీ అందులో మూడున్నాయి. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో పీజీ అయింది, రెండేళ్లుగా కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె జబ్బు వచ్చినవాళ్లతో వ్యాయామం చేయించే చోట, పనిచేస్తున్నారు, ఊబకాయం మీద పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో స్థిరపడాలనుంది. వెళ్లొచ్చా అన్నది మొదటిది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చేశాక వ్యాయామం మీద పరిశోధన ఎవరికి కావాలి అన్నది రెండోది. పేషెంట్లను వదిలేసి పేపర్లు రాసుకుంటూ కూర్చోవాలా అన్నది మూడోది. ఆ చివరిదాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, మీ అసలు టెన్షన్ అదేననిపించింది. ఇరవై ఏళ్లకు పైగా నేను ఈ పనిలోనే ఉన్నాను. మొదట ల్యాబ్, తర్వాత క్లినిక్, ఇప్పుడు పాఠాలు చెప్పడం కూడా. నాకు తెలిసింది చెప్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. వ్యాయామం చేయిస్తే జనం బరువు తగ్గిపోతారన్న నమ్మకంతో వస్తుంటే, పీహెచ్‌డీ రెండో ఏడాదికల్లా మీ డేటాయే ఆ నమ్మకం తీసేస్తుంది. నాకు అలాగే జరిగింది. కాబట్టి చేరకముందే ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

90 కిలోల మనిషి మామూలు వేగంతో, అంటే గంటకు ఐదు కిలోమీటర్ల లోపు, నడుస్తున్నాడనుకోండి. అది సుమారు 3.5 మెట్. ఒక మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడయ్యే శక్తి ఖర్చు, కిలో బరువుకు గంటకు దాదాపు ఒక కిలోకేలరీ. నడవకపోయినా ఆ ఒక్క మెట్ ఎలాగూ ఖర్చయ్యేదే కాబట్టి తీసేయాలి. మిగిలింది 2.5. అంటే గంట నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 225 కిలోకేలరీలు. వారానికి 150 నిమిషాలకు 560 చిల్లర. కిలో కొవ్వు కణజాలంలో ఉండేది సుమారు 7,700. తిండిలో ఒక్క ముద్ద కూడా పెరగకుండా పధ్నాలుగు వారాలు నడిస్తే ఒక కిలో తగ్గుతాడు. అదీ కాగితం మీద.

కాగితం దాటి చూస్తే ఇంకా తక్కువ. 2009లో టిమోతీ చర్చ్ బృందం నెలసరి ఆగిపోయిన, బరువెక్కువగా ఉన్న 464 మంది మహిళల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆరు నెలలు, మూడు మోతాదుల వ్యాయామం: కిలో బరువుకు వారానికి 4, 8, 12 కిలోకేలరీలు. సగటున తగ్గింది వరుసగా 1.4, 2.1, 1.5 కిలోలు. అందరికంటే ఎక్కువ చేసినవాళ్లు మధ్య గుంపు కంటే తక్కువ తగ్గారు. లెక్క ప్రకారం తగ్గాల్సినంత తగ్గలేదు. ఎక్కడో సర్దుబాటు జరిగిపోతోంది. కొంత ఆకలి పెరగడం వల్ల, కొంత మిగతా రోజంతా కదలిక తగ్గడం వల్ల, కొంత శరీరమే ఖర్చు బిగించుకోవడం వల్ల అని వాదనలున్నాయి. ఏది ఎంత అన్నది ఇంకా తేలలేదు. కావాలంటే మీ పీహెచ్‌డీ అక్కడే దొరకొచ్చు.

ఈ అంకెలు చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు "అయితే వ్యాయామం దండగేనా?" అంటారు. అప్పుడు నేను అదే అధ్యయనంలో నడుము కొలతలు చూపిస్తాను. మూడు గుంపుల్లోనూ తగ్గాయి. బరువు పెద్దగా కదలకపోయినా ఇంకేదో కదిలింది. ఆ "ఇంకేదో" మీదే ఈ రంగం నిలబడి ఉంది.

1953లో జెర్రీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని తేలింది. మూడేళ్ల తర్వాత ఆయన బృందం మరో తెలివైన పని చేసింది. సిబ్బంది యూనిఫాంల కొలతల రికార్డులు తీసి చూసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుములు పెద్దవి. మరి కూర్చుని కూర్చుని లావయ్యారా, లావుగా ఉన్నవాళ్లే కూర్చునే ఉద్యోగానికి వెళ్లారా? డెబ్భై ఏళ్లు గడిచాయి, మా రంగంలో సగం గొడవలు ఇప్పటికీ ఈ చిక్కుముడి చుట్టూనే. 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచారు. వీవో2 మ్యాక్స్, అంటే శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిందే ఎక్కువని తేలింది. 1989లో స్టీవెన్ బ్లెయిర్ బృందం 13,344 మంది ట్రెడ్‌మిల్ ఫలితాలు, తర్వాతి మరణాలు కలిపి చూసింది. ఫిట్‌నెస్ మరీ తక్కువగా ఉన్న గుంపులోనే మరణాలు అన్నిటికంటే ఎక్కువ.

ఇక లుక్ అహెడ్ అనే పెద్ద ట్రయల్. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు. టైప్ 2 మధుమేహంతో పాటు అధిక బరువో, ఊబకాయమో ఉన్న 5,145 మంది. ఒక గుంపుకు ఆహారం, వ్యాయామం, కౌన్సెలింగ్ అన్నీ గట్టిగా ఇచ్చారు, రెండో గుంపుకు మామూలు సలహాలు. మొదటి ఏడాది చివర తేడా బ్రహ్మాండం: 8.6 శాతం బరువు తగ్గుదల ఒకవైపు, 0.7 శాతం మరోవైపు. కానీ గుండెపోట్లు, పక్షవాతాల్లో తేడా రాకపోవడంతో 2012లో ట్రయల్ ముందే ఆపేశారు. "విఫలమైంది" అన్నారు. అదే ట్రయల్‌లో అదే 2012లో ఇంకో ఫలితం అచ్చయింది. నాలుగేళ్లలో నడవడం, మెట్లెక్కడం లాంటి పనులు చేసుకునే శక్తి పోగొట్టుకునే ముప్పు గట్టి చికిత్స పొందిన గుంపులో 48 శాతం తక్కువ. అరవై దాటిన మనిషికి తన పని తాను చేసుకోగలగడం చిన్న విషయమా? ట్రయల్ మొదలుపెట్టేటప్పుడు ఏ ప్రశ్నను ప్రధానంగా పెట్టుకున్నామన్న దాన్ని బట్టే గెలిచామా ఓడామా తేలింది. మీ పీహెచ్‌డీలో కూడా అంతే. ప్రైమరీ అవుట్‌కమ్ (ప్రధానంగా కొలిచే ఫలితం) దగ్గర "బరువు, కిలోల్లో" అని రాసే ముందు రెండు రాత్రులు ఆలోచించండి.

నా స్టూడెంట్లకు నేనిచ్చే సలహా ఇది: "బరువు కదలకపోయినా ఏం కదిలింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, దాన్ని ఒక రకం మనుషులకు కుదించండి. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లు కావచ్చు. బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) అయినవాళ్లు, అరవై ఐదు దాటినవాళ్లు కావచ్చు. ఈ చివరి గుంపులో డెన్నిస్ విల్లారియల్ బృందం 2017లో ప్రచురించిన ట్రయల్ చదవండి. ఊబకాయం ఉన్న 160 మంది వృద్ధుల్లో, బరువు తగ్గించే ఆహారంతో పాటు కొందరికి నడక లాంటి వ్యాయామం, కొందరికి బరువులెత్తే వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు; పోలిక కోసం ఒక గుంపుకు ఇవేవీ ఇవ్వలేదు. కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కదా, అది నడక గుంపులో 5 శాతం, బరువుల గుంపులో 2 శాతం, రెండూ చేసిన గుంపులో 3 శాతం పోయింది. శారీరక సామర్థ్యం మాత్రం రెండూ చేసిన గుంపులోనే ఎక్కువ మెరుగైంది. చూశారా, ప్రశ్న ఎంత చిన్నదో, జవాబు ఎంత పనికొచ్చేదో. "ఊబకాయంపై వ్యాయామ ప్రభావం" అని ప్రపోజల్ రాసేవాళ్లకు నేను మొదటి పేజీ దాటకుండానే తిప్పి పంపిస్తాను.

ఇప్పుడు రోజూ ఉండే పని గురించి. పీహెచ్‌డీ అంటే లైబ్రరీ అనుకుంటారు గానీ, మా దగ్గర అది ఎక్కువగా ఒక మెషీన్‌తో కాపురం. ఊపిరిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే మెటబాలిక్ కార్ట్. పొద్దున్నే వచ్చి మూడు లీటర్ల సిరంజీతో గాలి ప్రవాహం సరిచూడాలి, తర్వాత 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్‌తో ఒకసారి, గదిలో గాలితో (20.93 శాతం ఆక్సిజన్) ఇంకోసారి కాలిబ్రేషన్. నా రెండో ఏడాదిలో ఇవన్నీ పద్ధతిగా చేస్తూనే ఒక పొరపాటు చేశాను. ఒకరోజు ఒక పేషెంట్ గ్రాఫ్ చూస్తుంటే మూడో దశలో ఆక్సిజన్ వాడకం రెండో దశ కంటే తగ్గింది. ట్రెడ్‌మిల్ వేగం పెరిగింది, వాలు పెరిగింది, మనిషి రొప్పుతున్నాడు, అంకె మాత్రం కిందికి వస్తోంది. అలా జరగదు కదా. వెనక్కి వెళ్లి పాత పరీక్షలు తీస్తే ఇంకో ఎనిమిదింటిలో అదే వంకర, ఇంత కొట్టొచ్చినట్టు కాకపోయినా.

కారణం మాస్కు. మా దగ్గర ఉన్నవన్నీ ఒకే సైజు. ముఖం నిండుగా ఉన్నవాళ్లకు ముక్కు దూలం పక్కన సన్నటి సందు మిగిలిపోతోంది. మెల్లగా ఊపిరి తీసినంతసేపు ఏమీ తెలియదు, గట్టిగా వదలడం మొదలుపెట్టగానే అక్కడ్నుంచి గాలి బయటికి పోతోంది. మెషీన్ తప్పు ఏమీ లేదు, తన దాకా వచ్చిన గాలినే అది కొలిచింది. తొమ్మిది పరీక్షలు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఊబకాయం మీద అధ్యయనం చేస్తూ, ఊబకాయం ఉన్నవాళ్లకు సరిపోని మాస్కు వాడాం! అప్పట్నుంచి మాస్కు తగిలించాక ముందు భాగం అరచేత్తో మూసి ఊదమంటాను, అంచుల చుట్టూ వేలు పెట్టి చూస్తాను. పది సెకన్ల పని.

బీపీ పట్టీ కూడా ఇలాంటిదే. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. విశ్రాంతిలో 200/110 దాటితే పరీక్ష మొదలుపెట్టకుండా ఆగాలి కదా, పట్టీ సైజు తప్పయిందని తెలియక ఇంటికి పంపేసిన మనుషులెందరో. ట్రెడ్‌మిల్ మీద కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్లది ఇంకో తలనొప్పి. చేతుల మీద బరువు మోపితే కాళ్లకు పని తగ్గుతుంది, ఎక్కువసేపు నడుస్తారు, ఆ సమయాన్ని బట్టి సూత్రంతో మెట్‌లు లెక్కేస్తే అసలు కంటే ఎక్కువ వస్తుంది. ఇవన్నీ రిహాబ్‌లో చేసి వచ్చినవాళ్లకు చేతివేళ్ల మీదుంటాయి. నేరుగా చదువు నుంచి వచ్చినవాళ్లకు నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది. మీ రెండేళ్లూ వృథా అనుకోకండి, అప్లికేషన్‌లో ముందు రాయాల్సింది అదే.

రిహాబ్ అనుభవం పరిశోధనలో ఎలా పనికొస్తుందో ఇంకో ఉదాహరణ. ఒక స్టూడెంట్ తన ప్రోటోకాల్‌లో (అధ్యయనం ఎలా చేయాలో ముందే రాసుకునే పత్రంలో) "గరిష్ఠ హృదయ వేగంలో 70 నుంచి 85 శాతం" అని రాసింది. గరిష్ఠం అంటే 220లోంచి వయసు తీసేయడం. మొదటి పేషెంట్‌కు 56 ఏళ్లు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతున్నారు. సూత్రం ప్రకారం గరిష్ఠం 164, లక్ష్యం 115 నుంచి 139. ఆమెకు పూర్తి పరీక్ష చేస్తే గుండె వేగం 118 దగ్గరే ఆగిపోయింది, అంతకు మించి ఒక్క అడుగు వేయలేనన్నారు. అంటే ప్రోటోకాల్ ఆవిడను రోజూ ఆఖరి ఊపిరి దాకా పరిగెత్తించమంటోంది. విశ్రాంతిలో వేగం 62. అసలు కొలిచిన 118తో కార్వొనెన్ పద్ధతిలో, అంటే గరిష్ఠానికీ విశ్రాంతి వేగానికీ ఉన్న తేడాలో 50 నుంచి 70 శాతం తీసి విశ్రాంతి వేగానికి కలిపి, లెక్కేస్తే 90 నుంచి 101 వచ్చింది. దానికి తోడు, ఎంత కష్టంగా ఉందో పేషెంటే అంకెలో చెప్పే బోర్గ్ స్కేల్ మీద 12 నుంచి 14, అంటే "కాస్త కష్టంగా ఉంది" అనే స్థాయి. ఆవిడ పద్దెనిమిది నెలలూ మాతోనే ఉన్నారు. మొదటి వారమే 130కి తోసి ఉంటే రెండో వారం వచ్చేవారు కాదు.

రాకపోవడం. ఈ రంగంలో కెరీర్లు అక్కడే మునుగుతాయి, తేలుతాయి. బరువు ట్రయల్స్‌లో ఎవరు మిగిలారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. వందమందితో మొదలుపెట్టారు, చివరి కొలతకు అరవై మంది వచ్చారు, వాళ్లు సగటున 6 కిలోలు తగ్గారు. "6 కిలోలు" అని రాసేయాలని చెయ్యి లాగుతుంది. కానీ రాని నలభై మంది ఏమీ తగ్గలేదనుకుంటే మొత్తం మీద సగటు 3.6 మాత్రమే. బరువు పెరిగినవాళ్లే చివరి కొలతకు ముఖం చాటేస్తారన్నది నా అనుభవం, సిగ్గుపడి. కాబట్టి ముందే ప్రోటోకాల్‌లో, చేరిన ప్రతి మనిషినీ లెక్కలో ఉంచుతామని, రానివాళ్ల డేటాను ఫలానా పద్ధతిలో సర్దుతామని రాసి రిజిస్టర్ చేయాలి. డేటా చూశాక పద్ధతి ఎంచుకుంటే అది పరిశోధన అనిపించుకోదు.

వాళ్లను నిలబెట్టుకోవడం గణాంకాల పని కాదు, గది సర్దే పని. ఒక ట్రయల్‌లో నాలుగో నెల నుంచి జనం పలచబడ్డారు. ఫోన్లు చేశాం. "పనులు" అన్నారు అందరూ. ఒకావిడ మాత్రం కాసేపు ఆగి, బరువు తూచే మెషీన్ నడవాలో ఎందుకు పెట్టారని అడిగారు. పక్క క్లినిక్‌కు వచ్చేవాళ్లంతా అటే వెళ్తారు, అంకె అందరికీ కనిపిస్తుంది. మేం ఏడాదిన్నరగా అటూ ఇటూ తిరుగుతూ దాన్ని చూడనే లేదు. మెషీన్‌ను లోపలి గదిలోకి మార్చాం. వెయిటింగ్ రూమ్‌లో చేతులున్న ఇరుకు కుర్చీలు తీసి చేతుల్లేనివి వేశాం. అప్పటికే వెళ్లిపోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు కూడా. ఈ విషయం ఏ మెథడ్స్ సెక్షన్‌లోనూ మీకు కనిపించదు.

ఫలితం రాకపోతే ఎలా అని భయపడుతున్నట్టున్నారు. ఈ రంగంలో పేరున్నవాళ్లను చూడండి. జాన్ జాకిసిక్ బరువు నియంత్రణలో వ్యాయామం మీదే ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. 2016లో ఆయన బృందం 471 మంది యువతీయువకులతో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందరికీ మామూలు చికిత్స ఇచ్చి, ఆరు నెలల తర్వాత సగం మందికి ఒంటికి తగిలించుకునే యాక్టివిటీ ట్రాకర్ ఇచ్చారు. ట్రాకర్ వల్ల ఇంకా తగ్గుతారనే కదా ఎవరైనా అనుకునేది. రెండేళ్లకు ట్రాకర్ ఉన్నవాళ్లు 3.5 కిలోలు, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. అనుకున్నదానికి సరిగ్గా తిరగబడింది. దాచుకోలేదు, జామా అనే పెద్ద వైద్య పత్రికలో ప్రచురించారు, ప్రపంచమంతా చదివింది. ట్రయల్‌ను గట్టిగా కడితే ఏ జవాబు వచ్చినా అది వార్తే. బలహీనంగా కడితే మంచి ఫలితం వచ్చినా ఎవరూ నమ్మరు.

ఇక ఇంజెక్షన్ల సంగతి. 2021లో సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ మీద జరిగిన స్టెప్ 1 ట్రయల్‌లో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, డమ్మీ మందు గుంపులో 2.4 శాతం. మరుసటి ఏడాది టిర్జెపటైడ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఎక్కువ మోతాదుతో 72 వారాలకు 20.9 శాతం. పైన నేను వేసిన నడక లెక్క పక్కన పెట్టి చూస్తే పోటీయే లేదు, ఒప్పుకుందాం. ఈ ఫలితాలు వచ్చిన వారం మా డిపార్ట్‌మెంట్‌లో టీ బ్రేక్ చాలా నిశ్శబ్దంగా గడిచింది. కానీ తర్వాతి పేపర్లు కూడా చదవండి. మందు ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తగ్గిన బరువులో కొవ్వు ఒక్కటే లేదు, కండ సహా ఇతర కణజాలం కూడా ఉంది. కోపెన్‌హాగన్ బృందం 2021లోనే ప్రచురించిన ట్రయల్ మీరు కచ్చితంగా చదవాలి. 195 మందికి ఎనిమిది వారాల తక్కువ కేలరీల ఆహారంతో సగటున 13 కిలోలు తగ్గించి, ఆ తర్వాత ఏడాది పాటు కొందరికి వ్యాయామం, కొందరికి లిరాగ్లుటైడ్ (ఇదీ అలాంటి ఇంజెక్షనే), కొందరికి రెండూ, కొందరికి డమ్మీ మందు ఇచ్చారు. రెండూ కలిపిన గుంపులో శరీరంలో కొవ్వు శాతం, ఒక్కొక్కటే ఇచ్చిన గుంపుల కంటే దాదాపు రెట్టింపు తగ్గింది. అన్నీ ఆపేసి ఏడాది తర్వాత చూస్తే, మందు ఒక్కటే వాడినవాళ్ల కంటే వ్యాయామం కూడా చేసినవాళ్లు బరువును బాగా నిలుపుకున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఒప్పుకోనివాళ్లు మా డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. ఈ మందులు మన రంగాన్ని చంపలేదు, మనం మోయలేని బరువొకటి మన నెత్తి మీంచి దించాయి. కిలోలు తగ్గించే బాధ్యత వాటిది. తగ్గేటప్పుడు కండ నిలుపుకోవడం, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెంచడం, మందు ఆపాక ఏమవుతుందో చూడటం మనది. ఏ వ్యాయామం, ఎంత, మందు మొదలుపెట్టిన ఎన్నో వారం నుంచి, వికారంతో సరిగా తినలేకపోతున్న మనిషికి ఎలా? వీటిలో చాలావాటికి ఇప్పటికీ గట్టి జవాబుల్లేవు. పదేళ్ల కిందట పీహెచ్‌డీలో చేరినవాళ్ల కంటే మీకు ప్రశ్నలు ఎక్కువ దొరుకుతాయి.

గైడ్ గురించి రెండు మాటలు. పేపర్ల సంఖ్య చూసి ఎంచుకోకండి. వాళ్ల దగ్గర చేరిన స్టూడెంట్లు ఎన్నేళ్లకు బయటపడ్డారో, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎందరో చూడండి. వెళ్లిపోయినవాళ్లలో ఒకరితోనైనా మాట్లాడండి. పెద్ద ట్రయల్ నడుపుతున్న గైడ్ అయితే అందులో మీ ప్రశ్న ఏది, ఆ డేటా మీద మొదటి రచయిత ఎవరు అన్నది చేరకముందే కాగితం మీద ఉండాలి. నాకు ఇది చెప్పినవాళ్లు లేరు. నేను పద్నాలుగు నెలలు తీసిన డేటా వేరే వాళ్ల పేరు ముందు పెట్టుకుని వెళ్లింది. గైడ్ చెడ్డమనిషి కాదు, ముందే మాట్లాడుకోలేదంతే. నడుస్తున్న క్లినిక్, పిలిస్తే పలికే బయోస్టాటిస్టిషియన్ (వైద్య గణాంకాల నిపుణుడు), ఈ రెండూ లేనిచోటికి ఎంత పెద్ద పేరున్నా వెళ్లకండి. డైటీషియన్, సైకాలజిస్ట్ కూడా అదే భవనంలో ఉంటే అదృష్టం.

పేపర్లు నెమ్మదిగా వస్తాయి, దీనికి మనసు సిద్ధం చేసుకోండి. ఎథిక్స్ అనుమతి, పైలట్ (చిన్న ముందస్తు ప్రయోగం) కలిపి ఏడాది. మనుషుల్ని చేర్చుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు. చివరి మనిషి చేరాక ఫాలోఅప్ మరో ఏడాదిన్నర. అంతా అయితే ఒక్క ప్రధాన పేపర్. ఈలోగా కణాల మీద పనిచేసే మీ స్నేహితుడు నాలుగు వేసేస్తాడు, ప్రమోషన్ కమిటీ లెక్కపెట్టేది సంఖ్యే. అందుకని ట్రయల్ నడుస్తుండగానే ప్రోటోకాల్ పేపర్, కొలత పద్ధతుల మీద పేపర్, ఒక సిస్టమాటిక్ రివ్యూ (అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పద్ధతిగా కలిపి చూడటం), పాత ట్రయల్స్ డేటా మీద సెకండరీ అనాలిసిస్ (కొత్త ప్రశ్నతో మళ్లీ విశ్లేషణ) పెట్టుకోవాలి. గ్రాంట్లు తిరస్కరణతోనే మొదలవుతాయి. నాకు మొదటిది మూడో ప్రయత్నంలో వచ్చింది. పాఠాలు చెప్పడం గురించి ఎక్కువ చెప్పను, అలవాటవుతుంది. "ఫ్యాట్ బర్నింగ్ జోన్"లో నెమ్మదిగా నడిస్తేనే కొవ్వు కరుగుతుందా అని ప్రతి ఏడాదీ మొదటి వారంలో ఒకరు అడుగుతారు. నెమ్మదిగా నడిస్తే ఖర్చులో కొవ్వు వాటా ఎక్కువ, మొత్తం ఖర్చే తక్కువ అని ప్రతి ఏడాదీ చెప్పాలి.

చివరికి మీ మూడో ప్రశ్న. పేషెంట్లను వదలక్కర్లేదు, కానీ వదలకుండా ఉండటం ఎవరూ ఇవ్వరు, మీరే అడిగి తీసుకోవాలి. మీ దేశంలో క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టుగా ఏ రిజిస్ట్రేషన్ ఉంటే దాన్ని పీహెచ్‌డీ అంతా రెన్యూ చేస్తూనే ఉండండి. అమెరికాలో ఏసీఎస్‌ఎం సర్టిఫికేషన్, ఆస్ట్రేలియాలో ఎస్సా అక్రెడిటేషన్ లాంటివి ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద పని. ఉద్యోగం ఆఫర్ వచ్చినప్పుడు వారానికి ఒక పూట క్లినిక్ అని ఒప్పందంలో రాయించుకోండి, నోటిమాట మీద ఉంచకండి. నాకు గురువారం మధ్యాహ్నాలు ఉన్నాయి. ఇద్దరు డీన్‌లు మారారు, ఇద్దరూ ఆ పూట తీసేసి ఇంకో క్లాస్ వేయబోయారు, కాగితం చూపించాను. ఇప్పుడు నా దగ్గర నడుస్తున్న ట్రయల్ ప్రశ్న కూడా ఒక గురువారం నుంచి వచ్చిందే. ఇంజెక్షన్‌తో పద్దెనిమిది కిలోలు తగ్గిన ఒకాయన, "బరువు పోయింది సార్, కానీ నేల మీంచి లేవడానికి ముందు కంటే ఎక్కువ కష్టపడుతున్నా" అన్నారు.

రిహాబ్ ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. ముందు ఆరు నెలలు, మీ సెంటర్ అనుమతితో, మధ్యలో మానేసిన పేషెంట్ల రికార్డులు తీసి ఎన్నో వారం మానేశారో, అంతకుముందు వారం ఏం జరిగిందో రాసి పెట్టండి. అందులోంచి ఒక ప్రశ్న వస్తుంది. దాన్ని రెండు పేజీల ప్రపోజల్‌గా రాసి ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను. శాంపిల్ సైజ్, అంటే ఎంతమంది కావాలన్న లెక్క, లేకుండా మాత్రం పెట్టకండి.